ఆల్‌మన్ బ్రదర్స్‌లో ఇద్దరు డ్రమ్మర్లు ఎందుకు? అందులో జైమో అసలు ఏం వాయిస్తాడు?

మీరడిగింది క్లుప్తంగా ఇది: "ఆల్‌మన్ బ్రదర్స్ ఫిల్‌మోర్ ఈస్ట్ లైవ్ ఆల్బమ్ నాలుగుసార్లు విన్నాను. బుచ్ ట్రక్స్ వాయించేది తెలుస్తోంది. జైమో ఏం చేస్తున్నాడో ఒక్కసారి కూడా పట్టుకోలేకపోయాను. ఉన్నా లేనట్టే ఉంది. మరి అందరూ అతన్ని గొప్ప డ్రమ్మర్ అంటారెందుకు? మా కాలేజీ బ్యాండులో కూడా ఇద్దరం డ్రమ్మర్లం ఉన్నాం. ఒకర్ని మానేయమంటున్నారు. ఏం చేయాలి?"

తెలియనివాళ్ళ కోసం ఒక మాట: ఆల్‌మన్ బ్రదర్స్ 1969లో మొదలైన అమెరికా రాక్ బ్యాండు, బుచ్, జైమో దాని ఇద్దరు డ్రమ్మర్లు. ముందు సూటిగా చెప్పేస్తాను. జైమో విడిగా వినబడకపోవడం మీ చెవి తప్పు కాదు. అతను వాయించేదంతా బుచ్ దెబ్బకీ దెబ్బకీ మధ్య ఉన్న సందుల్లోనే ఉంటుంది. మీకు "బుచ్ వాయిస్తున్నాడు" అని వినిపిస్తున్నదాంట్లో సగం జైమోదే. ఇద్దరూ కలిసి ఒకే మనిషికి నాలుగు చేతులున్నట్టు వినిపిస్తారు. వాళ్ళకి కావలసిందీ అదే. మీ బ్యాండు సంగతంటారా, మానేయక్కర్లేదు గానీ ఇప్పుడు వాయిస్తున్నట్టు మాత్రం వాయించకూడదు. ఎలాగో చివర్లో చెప్తాను.

నేను ఎక్కణ్ణుంచి మాట్లాడుతున్నానో కూడా చెప్పాలి. గుంటూరు దగ్గర ఒక ఊళ్ళో చర్చిలో డ్రమ్స్ మొదలుపెట్టాను. తర్వాత ఆరేళ్ళు పెళ్ళిళ్ళకీ జాతరలకీ ఆర్కెస్ట్రాల్లో వాయించాను. ఉద్యోగం మీద అట్లాంటా వచ్చి పదహారేళ్ళవుతోంది. వారాంతాల్లో ఇక్కడి వాళ్ళతో కలిసి ఒక చిన్న బ్యాండులో వాయిస్తాను. మేము వాయించేది ఎక్కువగా ఆల్‌మన్ బ్రదర్స్ పాటలే. అందులో నాది రెండో డ్రమ్మర్ సీటు, అంటే జైమో కుర్చీ. తొమ్మిదేళ్ళుగా ఆ కుర్చీలో కూర్చుని తిన్న దెబ్బల్లోంచి రాస్తున్నానని అనుకోండి.

జైమో అసలు పేరు జాన్ లీ జాన్సన్. స్టేజీ మీద జై జొహానీ జొహాన్సన్ అయ్యాడు, అదే కుదించుకుపోయి జైమో అయింది. పుట్టింది 1944 జూలై 8న, మిసిసిపీ రాష్ట్రంలో సముద్రం ఒడ్డున ఉన్న ఓషన్ స్ప్రింగ్స్‌లో. పెరిగింది ఆ పక్కనే గల్ఫ్‌పోర్ట్‌లో. ప్రాణమంతా జాజ్ మీద. ఎల్విన్ జోన్స్, మ్యాక్స్ రోచ్ లాంటి జాజ్ డ్రమ్మర్లని విని విని పెరిగినవాడు. కానీ జాజ్ అన్నం పెట్టదు కదా. అందుకని సోల్ (నల్లజాతి వాళ్ళ చర్చి పాటల్లోంచి పుట్టిన సంగీతం) గాయకుల వెనక డ్రమ్మర్‌గా చేరాడు. 1966లో ఓటిస్ రెడ్డింగ్‌తో టూర్ చేశాడు. ఆ తర్వాత జో టెక్స్, పెర్సీ స్లెడ్జ్. ఇది చిన్న విషయం కాదు. అలాంటి బ్యాండుల్లో గాయకుడు భుజం కదిపితే డ్రమ్మర్ పాట ఆపాలి, కాలు నేలకేసి కొడితే మళ్ళీ ఎత్తుకోవాలి. కళ్ళన్నీ ముందున్న మనిషి మీదే ఉంటాయి. మన ఆర్కెస్ట్రాల్లో వాయించినవాళ్ళకి ఈ బాధ బాగా తెలుసు. గాయకుడు రెండో చరణం ఎగ్గొట్టి పల్లవికి వచ్చేస్తే మనం కూడా అతనితోపాటే దూకేయాలి. జైమో చెవి అక్కడే తయారైంది.

1969 మొదట్లో అతను జార్జియాలో మేకన్ అనే ఊళ్ళో ఉన్నాడు. చేతిలో డబ్బుల్లేవు. ఎలాగూ ఆకలితో మాడాల్సిందే అయితే న్యూయార్క్ వెళ్ళి ఇష్టమైన జాజ్ వాయిస్తూనే మాడదామని నిశ్చయించుకున్నాడట. అప్పుడు తెలిసినాయన ఒకరు, అలబామాలో మజిల్ షోల్స్ అనే ఊళ్ళోని స్టూడియోలో ఒక తెల్ల కుర్రాడు గిటార్ వాయిస్తున్నాడు, ఒకసారి వెళ్ళి విను అన్నాడు. ఆ కుర్రాడు డ్వేన్ ఆల్‌మన్. జైమోకి అంతకుముందే ఒక పెద్ద డ్రమ్మర్ ఇచ్చిన సలహా కూడా గుర్తుంది: డబ్బులు కావాలంటే తెల్ల కుర్రాళ్ళతో వాయించు. ఈ మాట జైమో తన ఇంటర్వ్యూల్లో నవ్వుతూ చెప్తాడు. వెళ్ళాడు. స్టూడియోలో ఒక మూల తన డ్రమ్స్ సర్దుకున్నాడు. రికార్డింగుల మధ్య ఖాళీ దొరికినప్పుడల్లా డ్వేన్ వచ్చి అతనితో వాయించేవాడు. అలా ఆల్‌మన్ బ్రదర్స్ బ్యాండులోకి డ్వేన్ తీసుకున్న మొట్టమొదటి మనిషి జైమో. సొంత తమ్ముడు గ్రెగ్ కంటే ముందు. మీరు "ఉన్నా లేనట్టే" అన్నారే, ఆ మనిషే ఈ ఇంటికి పునాది రాయి.

మరి బుచ్ ఎక్కణ్ణుంచి వచ్చాడు? బుచ్ ట్రక్స్ ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్ కుర్రాడు. 1947లో పుట్టాడు. ఫోక్-రాక్ బ్యాండులో వాయిస్తూ డ్వేన్‌కి అంతకుముందే పరిచయం. ఒకరోజు డ్వేన్ అతని ఇంటికి జైమోని తీసుకొచ్చి, ఇద్దరికీ పరిచయం చేసి, తనపాటికి తాను వెళ్ళిపోయాడట. ఆ సీను బుచ్ చాలాసార్లు చెప్పుకున్నాడు. తెల్లవాళ్ళ దక్షిణాదిలో పెరిగినవాడు, ఒక నల్లజాతి మనిషితో అంత దగ్గరగా కూర్చోవడం అదే మొదలు. కండలు తిరిగిన ఒళ్ళు, మెడలో గోళ్ళ దండ, మాటా పలుకూ లేదు. బుచ్‌కి కాసేపు ఒకటే టెన్షన్. తర్వాత మాటలు కలిశాయి. ఆ కలిసిన మాటలు నలభై ఏళ్ళకి పైగా, మధ్యలో తెగి అతుక్కుంటూ, సాగాయి. 1969 మార్చి 26న గ్రెగ్ లాస్ ఏంజెలెస్ నుంచి జాక్సన్‌విల్ వచ్చి వీళ్ళతో కూర్చోవడంతో ఆరుగురూ పూర్తయ్యారు. బ్యాండు పుట్టిన తేదీ అదేనని అభిమానులు లెక్కేస్తారు.

ఇద్దరు డ్రమ్మర్లు కావాలన్నది డ్వేన్ పట్టుదల. జేమ్స్ బ్రౌన్ దగ్గర ఇద్దరున్నారు, మనకెందుకు ఉండకూడదన్నది అతని వాదన. శాన్ ఫ్రాన్సిస్కోలో గ్రేట్‌ఫుల్ డెడ్ వాళ్ళు 1967 నుంచే ఇద్దరితో వాయిస్తున్నారు. కాబట్టి ఆలోచన కొత్తది కాదు. జోడీ కుదిరిన తీరే కొత్తది. ఒకే రకం డ్రమ్మర్లు ఇద్దర్ని పెడితే ఒక ఒరలో రెండు కత్తులు దూర్చినట్టే. డ్వేన్ అలా చేయలేదు. ఒకడు రాక్‌వాడు, సూటిగా, బలంగా, ఆగకుండా వాయించేవాడు. బుచ్‌ని గూడ్సు రైలుతో పోల్చేవారు. రెండోవాడు జాజ్‌వాడు, సోల్‌వాడు. రైలుకి పట్టాలెయ్యాల్సిన పని జైమోకి లేదు, అది బుచ్ చూసుకుంటాడు. అందుకే జైమో చేతులకి స్వేచ్ఛ దొరికింది. మన కచేరీల్లో మృదంగం పక్కన ఘటం కూర్చుంటే రెండూ అవే దెబ్బలు కొడతాయా? కొట్టవు. దాదాపు అదే లెక్క.

ఇప్పుడు మీ ఆల్బమ్ దగ్గరికి వద్దాం. అది 1971 మార్చి 12, 13 తేదీల్లో న్యూయార్క్‌లోని ఫిల్‌మోర్ ఈస్ట్ హాల్లో రికార్డు చేసినది. నిర్మాత టామ్ డౌడ్. ఆ జూలైలో రెండు రికార్డుల సెట్టుగా వచ్చింది. రెండు రికార్డులకి కలిపి ఏడే పాటలు. అందులో ఒక్కటి 19 నిమిషాలు, ఇంకొకటి 23 నిమిషాలు. 2004లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ దీన్ని జాతీయ రికార్డింగుల జాబితాలో చేర్చింది.

దయచేసి ఫోన్ స్పీకర్లో వినకండి. ఫోన్ స్పీకర్లో కిక్ డ్రమ్ (కాలితో తొక్కి వాయించే పెద్ద డ్రమ్) చచ్చిపోతుంది, సింబళ్ళు కలిసిపోయి నూనెలో పోపు చిటపటలాడినట్టు ఉంటుంది. చెవులు మొత్తం మూసే హెడ్‌ఫోన్స్ పెట్టుకుని "ఎలిజబెత్ రీడ్" పాట తీయండి. (ఆ పేరు మేకన్‌లో రోజ్ హిల్ శ్మశానంలో ఒక సమాధి రాయి మీదిది. వీళ్ళు అక్కడే కూర్చుని కబుర్లు చెప్పుకునేవారు, పాటలు కట్టుకునేవారు.) మొదటి నిమిషంలో గిటార్ మెల్లగా ఉబ్బుతూ వస్తుంది. అక్కడ డ్రమ్స్ దాదాపు ఉండవు. అసలు రాగం మొదలయ్యాక ఒక స్థిరమైన చేయి వినబడుతుంది, అది బుచ్. దాన్ని పది సెకన్లు పట్టుకుని, తర్వాత కావాలని వదిలేయండి. ఇక మిగిలిందేదో వినండి. స్నేర్ (డ్రమ్మర్ ఎదురుగా ఉండే చురుకైన చప్పుడు డ్రమ్) మీద గుసగుసలాంటి చిన్న చిన్న తాకిళ్ళు, డ్రమ్మర్లు గోస్ట్ నోట్స్ అంటారే అవి. టామ్ (కిట్‌లో గుమ్మని మోగే డ్రమ్) మీద ఉన్నట్టుండి రెండు మాటలు. గిటార్ ఒక వాక్యం ముగించి ఊపిరి తీసుకునే చోట సింబల్ మీద చిన్న జవాబు. అదీ జైమో.

జైమో డ్వేన్‌కి జాజ్ విద్వాంసులు మైల్స్ డేవిస్, జాన్ కోల్ట్రేన్ రికార్డులు వినిపించేవాడు. ఒకే స్వరాల వరుస మీద కూర్చుని పది నిమిషాలు నడిపే పద్ధతి డ్వేన్‌కి అక్కణ్ణుంచి పట్టుబడింది. అంటే ఈ బ్యాండు గంటలకొద్దీ ఆశువుగా వాయించడం వెనక జైమో చేతుల కంటే ముందు అతని రికార్డుల పెట్టె ఉంది. నా లెక్కలో అదీ డ్రమ్మింగే.

"విప్పింగ్ పోస్ట్" మొదలు విని చాలామంది తాళం తప్పిందనుకుంటారు. తప్పలేదు. అది పదకొండు దెబ్బల లెక్క. ఇక్కడ అమెరికన్ డ్రమ్మర్లు ఒకటి నుంచి పదకొండు దాకా లెక్కపెట్టుకుంటూ చెమటలు కక్కుతుంటే నాకు మాత్రం నవ్వొచ్చింది. మనకి నోట్లోనే ఉంది కదా:

తకిట, తకిట, తకిట, తక.

అంతే. మూడు మూడులు, ఒక రెండు. గ్రెగ్ కూడా అది పదకొండని తెలిసి రాయలేదు. మూడు మూడులు కొట్టి తిరిగి మొదటికి రావడానికి రెండు వేసుకున్నాడట. ఇది పదకొండులో రాశావే అని అన్న చెప్తే, నాకేం తెలుసన్నాడట. మా బ్యాండులో ఈ పాట మొదటిసారి వాయించిన రోజు నేను "తకిట తకిట తకిట తక" అని పైకి అంటూ వాయించాను. బాస్ వాయించే ఆయన అది అలాగే నేర్చుకున్నాడు. ఇప్పటికీ పాట ఎత్తుకునే ముందు నా వైపు తిరిగి, జార్జియా యాసలో "టకీటా టకీటా" అంటాడు.

నా పరువు పోయిన కథ ఒకటి చెప్పుకుంటే మీకు ఉపయోగం. ఆ బ్యాండులో చేరిన మొదటి రోజు రిహార్సల్. మొదటి డ్రమ్మర్‌కి అప్పటికే అరవై దాటాయి, నిదానస్తుడు. నేను ఆర్కెస్ట్రా చేయిని. మన దగ్గర చరణం అయిపోయి పల్లవి వచ్చే చోట టామ్స్ మీద గలగలా ఒక ఫిల్ (ఖాళీ నింపే చిన్న దరువు) వెయ్యకపోతే కూలి దండగ అన్నట్టు చూస్తారు. అలవాటు ప్రకారం నాలుగు బార్లు (బార్ అంటే ఒక తాళం ఆవర్తం) అయ్యేసరికి ఫిల్ వేశాను. ఆయనా అక్కడే వేశాడు. ఇద్దరి టామ్స్ కలిసి, మేడ మీంచి గిన్నెల గంప దొర్లినట్టు మోత. మళ్ళీ నాలుగు బార్లు, మళ్ళీ గంప. మూడోసారి గిటార్ అతను ఆపేశాడు. ఎవరూ తిట్టలేదు. మొదటి డ్రమ్మర్ లేచొచ్చి నా కుడి చేతిలో స్టిక్ తీసుకుని, హై-హ్యాట్ (ఒకదానిమీదొకటి ఉండే జంట సింబళ్ళు) మీద పెట్టి, "ఈ పూటకి ఈ చెయ్యి ఇక్కడే ఉండనీ" అన్నాడు. ఒక్క చేత్తో, హై-హ్యాట్ మీద, రెండు గంటలు. ఇరవై ఏళ్ళు వాయించినవాణ్ణి నేను. సిగ్గుతో చచ్చిపోయాను. కానీ ఆ రెండు గంటల్లో మొదటిసారి ఆయన ఏం వాయిస్తున్నాడో విన్నాను. అంతకుముందు వినలేదు. నా చప్పుడే నాకు వినబడింది.

ఇద్దరు డ్రమ్మర్ల బ్యాండులో అసలు ప్రమాదం ఎక్కడో చెప్తాను. నాలుగు దెబ్బల లెక్కలో 2, 4 మీద ఇద్దరూ స్నేర్ గట్టిగా కొట్టారనుకోండి. ఎంత గొప్పవాళ్ళైనా ఇద్దరి దెబ్బా ఒకే క్షణంలో పడదు. వెంట్రుకవాసి తేడా అయితే చప్పుడు లావెక్కి బాగానే ఉంటుంది. ఇంకాస్త పెరిగితే "టక్" కాస్తా "ట్టక్" అవుతుంది. ఇంకా పెరిగితే వినేవాడికి ఎవరో తడబడుతున్నారనిపిస్తుంది. కిక్ డ్రమ్‌తో ఇంకా కష్టం. రెండు కిక్కులు, బాస్ గిటార్ కలిసి కింద బురదలా తయారవుతాయి. బుచ్, జైమోల జోడీ ఏళ్ళతరబడి ఈ బురదలో దిగకుండా వాయించింది. కూర్చుని నువ్విది, నేనిది అని పంచుకుని కాదు, అలాంటి ఒప్పందాలేవీ పెద్దగా లేవని ఇద్దరూ చెప్పేవారు. ఊరికే వినేవారట. అది వాళ్ళకి చెల్లింది. మనకి పంచుకోవడమే క్షేమం.

వాళ్ళకి ఎలా చెల్లిందో తెలుసా? మేకన్ వెళ్తే కొంత అర్థమవుతుంది. అట్లాంటా నుంచి గంటన్నర ప్రయాణం. వైన్‌విల్ అవెన్యూలో బిగ్ హౌస్ అని ఒక పెద్ద పాతకాలం ఇల్లు ఉంది. 1970 నుంచి 1973 దాకా బ్యాండు వాళ్ళూ, భార్యాపిల్లలూ, సామాను మోసే కుర్రాళ్ళూ ఆ ఇంటి చుట్టూనే బతికారు. ఇప్పుడది మ్యూజియం. ఊళ్ళో హెచ్ అండ్ హెచ్ అని ఒక భోజన హోటల్ ఉంది. చేతిలో కాసుల్లేని రోజుల్లో ఈ కుర్రాళ్ళకి అక్కడి లూయిస్ హడ్సన్ అనే నల్లజాతి తల్లి అన్నం పెట్టింది. అందరూ ఆమెని మామా లూయిస్ అనేవారు. నేను వెళ్ళినప్పుడు కోడి వేపుడూ, కాలర్డ్ ఆకుకూరా తిన్నాను. ఆ కూర మన గోంగూరంత పుల్లగా ఉంటే బాగుండేదనిపించింది, అది వేరే సంగతి. చెప్పొచ్చేదేమిటంటే వీళ్ళు కలిసి తిన్నారు, కలిసి తిరిగారు, ఏడాదిలో ఎక్కువ రోజులు ఒకే వ్యానులో పడుకున్నారు. అన్ని గంటలు ఒకరి చప్పుడు ఒకరు విన్నవాళ్ళకి ఒప్పందాలు అక్కర్లేదు.

నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ ఒకే హోటల్లో కూర్చుని తినొచ్చని చట్టం వచ్చింది 1964లో. వీళ్ళు రోడ్డెక్కింది 1969లో. ఐదేళ్ళలో మనుషులు మారిపోతారా? జుట్టు పెంచిన ఐదుగురు తెల్ల కుర్రాళ్ళు, వాళ్ళ మధ్య ఒక నల్లజాతి డ్రమ్మర్. ఏ పెట్రోలు బంకు దగ్గర ఆగినా గుడ్లప్పగించి చూసేవారు. "సదరన్ రాక్" (అమెరికా దక్షిణాది రాక్) అంటే తెల్లవాళ్ళ సంగీతం, కాన్ఫెడరేట్ జెండా (బానిసత్వం కోసం పోరాడిన దక్షిణాది రాష్ట్రాల జెండా) అని ఇప్పటికీ చాలామంది అనుకుంటారు. దాన్ని మొదలుపెట్టిన బ్యాండులో మొదట చేరినవాడే నల్లవాడని వాళ్ళకి తెలియదు. అసలు ఆ పేరంటేనే గ్రెగ్‌కి గిట్టేది కాదు. రాక్ పుట్టిందే దక్షిణాదిలో, మళ్ళీ సదరన్ రాక్ ఏమిటి అనేవాడు.

తర్వాతి కథ త్వరగా చెప్పేస్తాను. 1971 అక్టోబర్ 29న మేకన్‌లో మోటార్‌సైకిల్ ప్రమాదంలో డ్వేన్ పోయాడు. 24 ఏళ్ళు. ఏడాది తిరిగి కొద్దిరోజులకే, 1972 నవంబర్ 11న, బాస్ వాయించే బెరీ ఓక్లీ కూడా అదే ఊళ్ళో మోటార్‌సైకిల్ మీదే పోయాడు. బాస్ పోతే డ్రమ్మర్‌కి కాలు విరిగినట్టే. ఆ స్థానంలోకి వచ్చిన లామార్ విలియమ్స్ జైమోకి గల్ఫ్‌పోర్ట్ నాటి చిన్ననాటి స్నేహితుడు, వియత్నాం వెళ్ళొచ్చినవాడు. 1973 ఆల్బమ్ వింటే ఈ ఇద్దరి మధ్య ఉన్న ఆ పాత చనువు కింద నుంచి తెలుస్తుంటుంది. అదే ఏడాది జూలై 28న న్యూయార్క్ రాష్ట్రంలో వాట్కిన్స్ గ్లెన్ అనే చోట గ్రేట్‌ఫుల్ డెడ్, ద బ్యాండ్ వాళ్ళతో కలిసి ఆరు లక్షల మంది ముందు వాయించారు. అది శిఖరం. 1976లో విడిపోయారు. జైమో, లామార్, పియానో వాయించే చక్ లెవెల్ కలిసి సీ లెవెల్ అని జాజ్ వైపు మొగ్గిన బ్యాండు పెట్టుకున్నారు.

1978లో ఆల్‌మన్ బ్రదర్స్ మళ్ళీ కలిశారు. 1980లో జైమోని తీసేశారు. మీకు జైమో విలువ తెలియాలంటే 1981లో అతను లేకుండా వచ్చిన ఆల్బమ్ వినండి. అతని చోట ఇంకో మంచి డ్రమ్మరే ఉన్నాడు, ఇద్దరూ తప్పుల్లేకుండా వాయించారు. కానీ సందులన్నీ పూడిపోయాయి. పాట ఊగదు, నడుస్తుంది. ఇది నా చెవి తీర్పు, మీరు ఒప్పుకోనక్కర్లేదు. ఆ ఆల్బమ్ తర్వాతి ఏడాదే బ్యాండు మూతపడింది. 1989లో మళ్ళీ మొదలుపెట్టినప్పుడు బుచ్ పక్కన జైమో తన స్టూలు మీదికి తిరిగొచ్చాడు. 1991లో మార్క్ కిన్యోనెస్ కాంగాలతో (చేతులతో వాయించే పొడవాటి డోళ్ళు) చేరాక వెనక ముగ్గురయ్యారు. 1999లో బుచ్ సోదరుడి కొడుకు డెరిక్ ట్రక్స్ గిటార్ మీద వచ్చాడు.

న్యూయార్క్‌లోని బీకన్ థియేటర్‌లో వీళ్ళు రెండొందలకి పైగా కచేరీలు చేశారు. ఆఖరిది 2014 అక్టోబర్ 28న. వాయిస్తూ వాయిస్తూ అర్ధరాత్రి దాటించి 29లోకి వెళ్ళారు, అంటే డ్వేన్ పోయిన తేదీలోకి. 2017 జనవరిలో బుచ్ తన ప్రాణం తానే తీసుకున్నాడు. అదే మే నెలలో గ్రెగ్ కాలేయ క్యాన్సర్‌తో పోయాడు. 2024 ఏప్రిల్‌లో ఇంకో గిటారిస్టు డికీ బెట్స్ కూడా వెళ్ళిపోయాక, మొదటి ఆరుగురిలో మిగిలింది మొదట వచ్చినవాడొక్కడే, జైమో. 2020 మార్చి 10న, కోవిడ్ తలుపులు మూసేయడానికి రెండు రోజుల ముందు, మ్యాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో యాభయ్యేళ్ళ పండగ చేశారు. అప్పటికి జైమోకి డెబ్బై ఐదు. పక్కన రెండో కిట్ మీద ట్రక్స్ ఇంటి కుర్రాడే, డెరిక్ తమ్ముడు డ్వేన్ ట్రక్స్. మాలో ఒకాయన వెళ్ళొచ్చాడు. ఎలా వాయించాడు అని అడిగితే, "ఏమో, పెద్దగా కదల్లేదు, కానీ అంతా కదిలింది" అన్నాడు.

ఒక మాట. డ్రమ్స్ కొత్తగా నేర్చుకునేవాళ్ళు జైమోతో మొదలుపెట్టకూడదు. పునాది లేకుండా అతన్ని అనుకరిస్తే చేతులు చిందరవందరగా తిరుగుతాయి తప్ప దరువు నిలబడదు. మీకు 2, 4 ఇంకా ఊగుతుంటే ముందు లినర్డ్ స్కినర్డ్ అనే ఇంకో సదరన్ రాక్ బ్యాండుని వినండి. అక్కడ డ్రమ్మర్ ఒక్కడే. మొదట బాబ్ బర్న్స్, 1974 నుంచి ఆర్టిమస్ పైల్. ముందు మూడు గిటార్లు మోగుతుంటాయి కాబట్టి డ్రమ్మర్ ఎక్కువ మాట్లాడితే కుదరదు, గోడ కట్టినట్టు నిలబడి వాయించాలి. (1977 అక్టోబర్ 20న మిసిసిపీ అడవిలో ఆ బ్యాండు విమానం ఇంధనం అయిపోయి కూలినప్పుడు, విరిగిన పక్కటెముకలతో పొలాల్లోంచి నడిచి సాయం కోసం వెళ్ళినవాడు ఈ పైలే. అతని కథ విడిగా ఒక సమాధానం అవుతుంది.) ఆ గోడ కట్టడం వచ్చాక బుచ్‌ని వినండి. జైమోని ఆ తర్వాత. తొందరేం లేదు.

డ్రమ్స్ మాత్రమే విడిగా వినాలనుంటే, వాళ్ళ వేరే ఆల్బమ్‌లో "మౌంటెన్ జామ్" ఉంది. 33 నిమిషాల పైచిలుకు. రికార్డు మీద ఒక వైపు సరిపోక రెండు వైపులకి విడగొట్టారు. మధ్యలో గిటార్లు తప్పుకుని డ్రమ్మర్లిద్దర్నీ వదిలేస్తాయి. అక్కడ మొదటిసారి వినేటప్పుడు ఎవరెవరో గుర్తుపట్టడానికి ప్రయత్నించకండి. రెండోసారికి దానంతటదే తెలుస్తుంది.

ఇక మీ కాలేజీ బ్యాండు. ఇద్దరిలో ఎవరూ మానేయక్కర్లేదు, కానీ నెల రోజులు ఇలా చేసి చూడండి. ఒక పాటకి ఒకరే కిక్ డ్రమ్ తొక్కాలి, రెండోవాళ్ళ కాలు నేల మీదే ఉండాలి. ఫిల్స్ వంతులవారీగా వేసుకోండి. ఒకరు పల్లవి ముందు, ఒకరు చరణం ముందు. వంతు కానప్పుడు చెయ్యి దురద పెట్టినా సరే. కిట్లు దూరంగా చెరో మూలా పెట్టొద్దు, ఒకరి చేతులు ఒకరికి కనబడేలా పక్కపక్కన పెట్టుకోండి. ప్రతి రిహార్సలూ ఫోన్లో రికార్డు చేసి ఇద్దరూ కూర్చుని వినండి. గిన్నెల గంప ఎక్కడ దొర్లిందో మీకే తెలుస్తుంది. నెల తర్వాత పాత్రలు మార్చుకోండి.

మీ ఇద్దరిలో గట్టిగా వాయించేదెవరో మీరు రాయలేదు. ప్రశ్న అడిగిన తీరు చూస్తే మీరేననిపిస్తోంది. అయితే మొదటి వారం మీరు ఒక్క హై-హ్యాట్ మీదే వాయించండి. స్నేర్ జోలికి వెళ్ళకండి.